ఇరవై మూడేళ్ల కుర్రాడు, ఎనిమిది కోట్ల మంది ఆశ

2018 జూన్ 28. రష్యాలో ప్రపంచకప్ ఇంకా జరుగుతోంది. ఇరాన్ జట్టు మాత్రం మూడు రోజుల క్రితమే ఇంటిముఖం పట్టింది. ఆ రోజు ఆ జట్టు సెంటర్ ఫార్వర్డ్ సర్దార్ అజ్మౌన్ ఇన్‌స్టాగ్రామ్‌లో ఒక ఉత్తరం పెట్టాడు. ఇక జాతీయ జట్టుకు ఆడనన్నాడు. అప్పటికి అతని వయసు 23 ఏళ్లు. దేశం తరఫున 36 మ్యాచ్‌లు ఆడి 23 గోల్స్ కొట్టాడు. మామూలుగా అయితే ఒక స్ట్రైకర్‌కు అసలు ఆట మొదలయ్యే వయసు అది.

ఉత్తరంలో ఆట సంగతి కంటే అమ్మ సంగతే ఎక్కువ ఉంది. తన తల్లి ఒక పెద్ద జబ్బు నుంచి బయటపడిందని, ఆ సంతోషం ఇంకా తీరకముందే, తననూ తన తోటివాళ్లనూ కొందరు తిట్టిన తిట్లు ఆమె చెవిన పడి జబ్బు మళ్లీ ముదిరిందని రాశాడు. జట్టా, అమ్మా అన్న పరిస్థితి వచ్చిందని, తాను అమ్మనే ఎంచుకున్నానని చెప్పాడు.

ఆ మర్నాడు ప్రపంచమంతా ఈ వార్త ఒకే రకంగా వచ్చింది: అభిమానులు తిట్టారు, కుర్రాడు అలిగి వెళ్లిపోయాడు. అందులో నిజం లేకపోలేదు. కానీ సగమే ఉంది. అభిమానులు ఎందుకు అంతగా రగిలిపోయారు? పది మంది మీద పంచుకోవాల్సిన కోపం ఒక్కడి మీదే ఎందుకు పడింది? ఏడాది క్రితం అతన్ని నెత్తిన పెట్టుకున్నవాళ్లే ఎందుకు కింద పడేశారు? ఆ మూడు మ్యాచ్‌లూ నేను మేలుకుని చూశాను. అతను చెడ్డగా ఆడాడని నాకప్పుడూ అనిపించలేదు, ఇప్పుడూ అనిపించడం లేదు. అతని మీద పడిన బరువులో ఆటకు సంబంధించింది చాలా తక్కువ. మిగతాదంతా ఎక్కడెక్కడి నుంచో వచ్చి ఆ ఒక్క చొక్కా మీద చేరింది.

అజ్మౌన్ పుట్టింది ఇరాన్ ఈశాన్య మూలన, తుర్క్‌మెనిస్తాన్ సరిహద్దుకు దగ్గరున్న గోన్బద్-ఎ-కావూస్ అనే ఊళ్లో. 1006లో కట్టిన ఇటుక గోపురం ఒకటి ఆ ఊరి మధ్యలో ఈనాటికీ నిలబడి ఉంది. అక్కడ తుర్క్‌మెన్ జాతివాళ్లు ఎక్కువ. గుర్రప్పందేలంటే ప్రాణం, వాలీబాల్ అంటే ఇంకా ప్రాణం. అజ్మౌన్ తండ్రి వాలీబాల్ ఆటగాడు. కొడుకు కూడా మొదట ఆ దారిలోనే నడిచాడు. ఫుట్‌బాల్ వైపు మళ్లినా వాలీబాల్ అతని ఒంట్లోంచి పోలేదు. గాల్లోకి లేవడం, బంతి ఎక్కడ దిగుతుందో ముందే పసిగట్టడం, లేచినచోట ఒక క్షణం ఆగినట్టు కనిపించడం, ఇవన్నీ అతని హెడర్లలో కనిపిస్తాయి. ఇప్పటికీ ఖాళీ దొరికితే గుర్రాల దగ్గరే ఉంటాడు. సర్దార్ అనే మాట మన తెలుగులోకి కూడా పారసీ నుంచే వచ్చింది. పేరులోనే నాయకత్వం పెట్టుకుని పుట్టిన కుర్రాడు.

పద్దెనిమిదేళ్లకు, 2013లో, సెపాహాన్ క్లబ్ నుంచి రష్యాలోని రూబిన్ కజాన్‌కు వెళ్లిపోయాడు. సొంత దేశపు లీగ్‌లో పేరు రాకముందే విదేశానికి వెళ్లడం ఇరాన్‌లో అరుదు. దాంతో అతని గురించి కథలు ముందు వచ్చాయి, ఆట తరవాత వచ్చింది. పెద్ద పెద్ద ఇంగ్లండ్ క్లబ్బులు అడుగుతున్నాయని పేపర్లు రాశాయి. ‘ఇరాన్ మెస్సీ’ అని పేరు పెట్టారు. ఈ పోలిక చూసినప్పుడల్లా నాకు కష్టంగా ఉంటుంది. అజ్మౌన్ 186 సెంటీమీటర్ల పొడగరి. పెనాల్టీ బాక్సులో నిలబడి, వచ్చిన బంతిని తలతోనో ఒక్క టచ్‌తోనో లోపలికి పంపేవాడు. మెస్సీలా నలుగురిని దాటుకుంటూ వెళ్లే ఆట అతనిది కానే కాదు. అయినా ఆ పేరు అంటుకుంది. పేరు అంటుకున్నాక, అతను ఏం చేయగలడో చూడటం మానేసి, ఆ పేరుగలవాడు ఏం చేయాలో చూడటం మొదలుపెట్టారు.

అంతకంటే పెద్ద నీడ ఇంట్లోనే ఉంది. అలీ దాయీ. అర్దబీల్ నుంచి వచ్చిన ఆ స్ట్రైకర్ ఇరాన్ తరఫున 109 గోల్స్ కొట్టి రిటైరయ్యాడు. 2021 సెప్టెంబర్‌లో క్రిస్టియానో రొనాల్డో దాటేవరకు అంతర్జాతీయ ఫుట్‌బాల్‌లో పురుషుల ప్రపంచ రికార్డు ఒక ఇరానీ పేరు మీద ఉంది. ఒక చిన్న విషయం ఆలోచించండి. ఇరాన్ ప్రపంచకప్‌లో ఎప్పుడూ గ్రూప్ దశ దాటలేదు. ఆసియా కప్‌ను చివరిసారి గెలిచింది 1976లో. 1968, 1972, 1976, వరసగా మూడుసార్లు గెలిచి, ఆ తరవాత ఒక్కసారి కూడా లేదు. అంటే ఆ దేశానికి ఫుట్‌బాల్‌లో ప్రపంచం ముందు గర్వంగా చూపించుకోవడానికి కప్పులు లేవు, ఒక స్ట్రైకర్ గోల్స్ లెక్క ఉంది. ఆ దేశంలో తొమ్మిదో నంబరు స్థానంలో, అంటే సెంటర్ ఫార్వర్డ్‌గా, ఆడేవాడు ఎవరైనా దాయీ ఖాళీ చేసిన కుర్చీలో కూర్చోవాల్సిందే. అజ్మౌన్‌కు ఆ కుర్చీ ఇరవయ్యేళ్లకే వేసేశారు.

వేయడానికి కారణాలూ లేకపోలేదు. 2014 ప్రపంచకప్ ముందు ప్రాబబుల్స్‌లో ఉండి, ఆఖరి జట్టులో చోటు దక్కలేదు. ఆర్నెల్లు తిరిగేసరికి 2015 జనవరిలో ఆస్ట్రేలియాలో ఆసియా కప్. ఖతార్ మీద ఒకే ఒక్క గోల్‌తో ఇరాన్ గెలిచింది, ఆ గోల్ అతనిదే. క్వార్టర్ ఫైనల్లో ఇరాక్ మీద హెడర్‌తో మొదటి గోల్ కొట్టాడు. ఆ మ్యాచ్ 3-3 అయి పెనాల్టీల్లో పోయింది. కానీ కుర్రాడు దొరికాడు అన్న మాట దేశమంతా పాకింది.

మనకు కూడా అతను ఆ ఏడాదే కనిపించాడు. 2015 సెప్టెంబర్‌లో బెంగళూరు కంఠీరవ స్టేడియంలో భారత్, ఇరాన్ మధ్య ప్రపంచకప్ క్వాలిఫయర్. దాదాపు అరగంట సేపు మనవాళ్లు గోల్ పడకుండా ఆపారు. 29వ నిమిషంలో అజ్మౌన్ కొట్టాడు. ఆ తరవాత ఇంకో రెండు పడి 3-0 అయింది. ఆర్నెల్ల తరవాత టెహరాన్‌లో 4-0, అందులోనూ అతనిదొకటి. ఇదే ఇరాన్‌ను 1951లో ఢిల్లీలో మొదటి ఆసియా క్రీడల ఫైనల్లో మనవాళ్లు 1-0తో ఓడించి బంగారు పతకం తెచ్చారు. ఆ జట్టుకు కోచ్ హైదరాబాదీ సయ్యద్ అబ్దుల్ రహీం. ఆ తరవాత ఇరాన్ ఎక్కడికి వెళ్లింది, మనం ఎక్కడున్నాం అన్నది వేరే వ్యాసం.

రష్యాలో అతని ఎదుగుదల మాట వేరు. రూబిన్ తరవాత అతను ఆడిన రోస్తోవ్ అనే చిన్న క్లబ్బు 2015-16లో రష్యన్ లీగ్‌లో రెండో స్థానంలో నిలిచి అందర్నీ ఆశ్చర్యపరిచింది. అక్కడి కోచ్ కుర్బాన్ బెర్దియేవ్ కూడా తుర్క్‌మెన్ మనిషే. మరుసటి సీజన్ చాంపియన్స్ లీగ్‌లో అజ్మౌన్ అట్లెటికో మాడ్రిడ్ మీద గోల్ కొట్టాడు. 2016 నవంబర్‌లో బయెర్న్ మ్యూనిక్‌ను రోస్తోవ్ 3-2తో ఓడించిన రాత్రి ఒక గోల్ అతనిది. ఆ చలిలో, ఆ చిన్న స్టేడియంలో, బయెర్న్ డిఫెండర్లను దాటి కొట్టిన ఆ గోల్ వీడియో ఇరాన్‌లో ఎన్నిసార్లు చూసి ఉంటారో ఊహించుకోవచ్చు.

ఇక్కడ ఒక మాట అర్థం చేసుకోవాలి. ఆంక్షల్లో బతికే దేశంలో విదేశీ క్లబ్బుకు ఆడే ఆటగాడు అంటే కేవలం ఆటగాడు కాడు. అతను ఒక కిటికీ. వీసా దొరకని కుర్రాళ్లు, కార్డు పనిచేయని బ్యాంకులు, రోజురోజుకూ విలువ పడిపోయే ఇరాన్ కరెన్సీ రియాల్, వీటి మధ్య బతికేవాడికి ‘మనవాడు బయెర్న్ మీద గోల్ కొట్టాడు’ అన్న వార్త ఊపిరి ఆడినట్టు ఉంటుంది. ఇది కొత్తది కూడా కాదు. 1997 నవంబర్‌లో మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియాతో 2-0తో వెనకబడి, చివర్లో 2-2 చేసి ఇరాన్ ప్రపంచకప్‌కు చేరినప్పుడు టెహరాన్ వీధుల్లో ఆడామగా కలిసి గంతులేశారు. జట్టు తిరిగొచ్చిన రోజు ఆజాదీ స్టేడియంలోకి ఆడవాళ్లు నిషేధాన్ని లెక్కచేయకుండా తోసుకుని వెళ్లారు. ఆ దేశంలో ఒక గోల్‌కు జనాన్ని వీధిలోకి తెచ్చే శక్తి ఉంది. మిగతా సంతోషాలకు తలుపులు మూసి ఉన్నప్పుడు జనమంతా తెరిచి ఉన్న ఆ ఒక్క తలుపు దగ్గరే గుమిగూడతారు.

2018 మే 8న అమెరికా ఇరాన్‌తో కుదిరిన అణు ఒప్పందం నుంచి బయటికొచ్చింది. ప్రపంచకప్‌కు అప్పటికి అయిదు వారాలే ఉంది. గ్రీస్ తమతో ఆడాల్సిన స్నేహపూర్వక మ్యాచ్‌ను రద్దు చేసుకుంది. ఆంక్షల వల్ల ఇరాన్ ఆటగాళ్లకు బూట్లు ఇవ్వలేమని నైకీ కంపెనీ ప్రకటించింది. టోర్నీకి కొద్ది రోజుల ముందు ఆటగాళ్లు వేరే బూట్లు వెతుక్కోవాల్సి వచ్చింది. ఎన్నో ఏళ్లుగా ఒకే రకం బూటుకు అలవాటు పడిన కాలికి కొత్త బూటు ఎంత ఇబ్బందో ఆడేవాళ్లను అడిగితే చెబుతారు. ఆ కోపం, ఆ అవమానం, ఆ ఉక్రోషం అన్నీ కలిసి ఒకటే కోరికగా మారాయి: మైదానంలో చూపించండి. చూపించాల్సింది ఎవరు? గోల్ కొట్టాల్సినవాడు.

మరి అతను ఎందుకు కొట్టలేదు? కోపంలో ఉన్నవాళ్లు అడగని ప్రశ్న ఇదే.

కార్లోస్ కీరోజ్ 2011 నుంచి ఇరాన్ కోచ్. పోర్చుగల్ మనిషి. ఆయన కట్టిన జట్టు బలమంతా ఒక్కటే, గోల్ ఇవ్వకపోవడం. 2018 క్వాలిఫయర్స్ ఆఖరి దశలో ఇరాన్ 10 మ్యాచ్‌లు ఆడి ఒక్కటీ ఓడిపోలేదు. మొదటి తొమ్మిదింటిలో ఒక్క గోల్ కూడా ఇవ్వలేదు. కొట్టింది ఎన్నో తెలుసా? పది మ్యాచ్‌లకు పది గోల్స్. అందులో ఉజ్బెకిస్తాన్ మీద ఆజాదీలో టికెట్ ఖాయం చేసిన మ్యాచ్‌లో మొదటి గోల్, ఆఖరున సిరియాతో 2-2లో రెండు గోల్సూ అజ్మౌన్‌వే. క్వాలిఫయర్స్ మొత్తంలో అతను 11 గోల్స్ కొట్టాడు. ఈ 11 అన్న అంకె చూసి జనం ప్రపంచకప్‌లో కనీసం రెండు మూడైనా వస్తాయని లెక్క వేసుకున్నారు. కానీ ఆ పదకొండులో చాలా వరకు భారత్ లాంటి జట్ల మీద కొట్టినవి. అక్కడ బంతి ఇరాన్ కాళ్ల దగ్గరే ఉండేది. స్పెయిన్, పోర్చుగల్ మీద అలా ఉండదు.

అలా ఉండనప్పుడు కీరోజ్ పద్ధతిలో ముందున్న ఒకే ఒక్కడి పని ఏమిటి? బంతి కోసం పరుగెత్తడం, అదీ ఎక్కువగా వెనక్కి. అవతలి జట్టు మిడ్‌ఫీల్డర్‌ను అడ్డుకోవడం. తన డిఫెండర్లు ఊపిరి పీల్చుకోవడానికి గుడ్డిగా కొట్టిన పొడుగు బంతిని, వీపు మీద ఇద్దరు డిఫెండర్లు ఎక్కి కూర్చున్నా, పట్టుకుని నిలబడటం. సాయం వచ్చేసరికి పది సెకన్లు. ఆ పది సెకన్లు బంతి పోకుండా కాచుకుంటే అతను తన పని చేసినట్టే. టీవీలో చూసేవాడికి మాత్రం అతను బంతి పోగొట్టుకున్నట్టే కనిపిస్తుంది. తొంభై నిమిషాల్లో గోల్ వైపు సరైన అవకాశం ఒకటి వస్తే ఎక్కువ. ఆ ఒక్కటీ పోతే మ్యాచ్ మొత్తం పోయినట్టు లెక్క.

మొరాకోతో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఆ ఒక్కటి వచ్చింది. 43వ నిమిషం. ఎదురుదాడిలో అజ్మౌన్ ఒంటరిగా దూసుకెళ్లాడు. కొట్టిన షాట్‌ను గోల్‌కీపర్ మునీర్ ఆపేశాడు. తిరిగొచ్చిన బంతిని జహాన్‌బఖ్ష్ కొట్టాడు, దాన్నీ ఆపేశాడు. అదనపు సమయంలో మొరాకో ఆటగాడు బూహద్దూజ్ తల తగిలి సొంత గోల్ పడి ఇరాన్ 1-0తో గెలిచింది. 1998లో లియోన్‌లో అమెరికాను 2-1తో ఓడించాక ఇరవయ్యేళ్లకు ప్రపంచకప్‌లో మళ్లీ ఒక గెలుపు. టెహరాన్ రాత్రంతా నిద్రపోలేదు. ఆ రాత్రి అజ్మౌన్ పోగొట్టిన అవకాశం ఎవరికీ గుర్తు లేదు. తరవాత గుర్తొచ్చింది.

రెండో మ్యాచ్ కజాన్‌లో. అప్పటికి అతను మళ్లీ రూబిన్ కజాన్‌కే ఆడుతున్నాడు. అంటే సొంత క్లబ్బు ఊళ్లో, అతనికి ప్రతి మూలా తెలిసిన స్టేడియంలో. మనకు రాత్రి పదకొండున్నరకు మొదలైంది. స్పెయిన్ ఆటలో మూడింట రెండు వంతులకు పైగా బంతిని తన దగ్గరే ఉంచుకుంది. ఒక్కోసారి ఇరాన్ ఆటగాళ్లు ఆరుగురు ఒకే వరసలో తమ గోల్ ముందు గోడలా నిలబడ్డారు. అజ్మౌన్ మాత్రం మధ్య గీత దగ్గర ఒంటరిగా, చేతులు చాచి బంతి అడుగుతూ కనిపించాడు. నాకు ఆ మ్యాచ్‌లో ఎక్కువగా గుర్తున్నది ఆ చేతులే. స్పెయిన్ ఆటగాడు డియెగో కోస్తా మోకాలికి తగిలి ఒక బంతి లోపలికి వెళ్లింది. ఇరాన్ ఆటగాడు ఎజతొల్లాహీ కొట్టిన గోల్‌కు బెంచి మీదున్నవాళ్లంతా పరుగెత్తుకొచ్చి ఎగిరారు, వీడియో చూసి తేల్చే వీఏఆర్ దాన్ని ఆఫ్‌సైడ్ అని తీసేసింది. 1-0.

మూడోది సారాన్‌స్క్‌లో పోర్చుగల్‌తో. గెలిస్తే గ్రూప్ దాటినట్టే. రొనాల్డో పెనాల్టీని ఇరాన్ గోల్‌కీపర్ బేరన్‌వంద్ పట్టేశాడు. ఆ క్షణంలో అది జరిగే పనే అనిపించింది. చివర్లో అజ్మౌన్‌తో గాల్లో బంతికి పోటీపడుతూ పోర్చుగల్ ఆటగాడు సెడ్రిక్ చేతికి బంతి తగిలింది. పెనాల్టీ వచ్చింది, అన్సారీఫర్ద్ కొట్టాడు, 1-1. ఇంకో నిమిషం రెండు నిమిషాల్లో తారేమీకి గోల్ ముందు బంతి దొరికింది. అది వల బయటి వైపు తగిలింది. లోపలికి వెళ్లి ఉంటే పోర్చుగల్ ఇంటికి, ఇరాన్ ప్రీక్వార్టర్స్‌కు వెళ్లేవి.

నాలుగు పాయింట్లు. ఇరాన్ ప్రపంచకప్ చరిత్రలో అంతకు ముందెప్పుడూ అన్ని రాలేదు. స్పెయిన్‌కు, పోర్చుగల్‌కు ఐదేసి. ఒక్క పాయింటు తేడా. అంత మంచి ప్రదర్శన చేసిన జట్టులో ఒకడిని దోషిగా నిలబెట్టడం వింతగా లేదూ? కానీ అంత దగ్గరికి వచ్చి పోవడమే ఎక్కువ మంట పెడుతుంది. చిత్తుగా ఓడిపోతే జనం నిట్టూర్చి టీవీ కట్టేస్తారు. ఒక్క అంగుళంలో పోతే ఆ అంగుళం ఎవరిదని వెతుకుతారు. తారేమీని తిట్టారు. అజ్మౌన్‌ను ఇంకా తిట్టారు, ఎందుకంటే అతని మీద పెట్టుకున్న ఆశే ఎక్కువ.

ఆ తిట్లు వెళ్లిన దారి కూడా ముఖ్యమే. పాత రోజుల్లో దాయీని కూడా జనం తిట్టేవాళ్లు. స్టాండ్స్‌లోంచి అరిచేవాళ్లు, పేపర్లో రాసేవాళ్లు. అరుపు మైదానంలోనే మిగిలిపోయేది, పేపర్ మర్నాటికి పొట్లం కట్టడానికి పోయేది. 2018 ఇరాన్‌లో పరిస్థితి వేరు. ఫేస్‌బుక్, ట్విటర్ 2009 నుంచే మూతపడ్డాయి. కోట్ల మంది వాడే టెలిగ్రామ్‌ను ప్రపంచకప్‌కు ఆరు వారాల ముందే ఆపేశారు. పెద్దవాటిలో తెరిచి ఉన్నది ఇన్‌స్టాగ్రామ్ ఒక్కటే. దేశం మాట్లాడుకోవడానికి మిగిలిన ఒక్క రచ్చబండ అది. ఇరానీ అభిమానులకు ఇలా గుంపుగా వెళ్లి కామెంట్ల వరద పెట్టే అలవాటు అంతకు ముందే ఉంది. 2013 డిసెంబర్‌లో అర్జెంటీనా తమ గ్రూప్‌లో పడగానే మెస్సీ ఫేస్‌బుక్ పేజీ మీద వేలాదిగా పడ్డారు. కొందరు సరదాకి, కొందరు బూతులతో, తరవాత ఇంకొందరు వచ్చి క్షమాపణలు చెప్పారు. మెస్సీకి ఆ పారసీ అక్షరాలు అర్థమయ్యే అవకాశం లేదు. అజ్మౌన్‌కు ప్రతి అక్షరం అర్థమవుతుంది. అతని అమ్మకూ అర్థమవుతుంది.

ఆ అమ్మ గురించి ఆలోచిస్తే నాకు ఒక విషయం మింగుడు పడదు. ఇరాన్‌లో విప్లవం వచ్చిన కొద్దికాలానికే, 1980ల మొదట్లో, మగవాళ్ల ఫుట్‌బాల్ మ్యాచ్‌లకు ఆడవాళ్లు రాకుండా చేశారు. ఆజాదీ అంటే స్వేచ్ఛ. ఆ పేరున్న స్టేడియంలోకే ప్రవేశం లేదు. ఉజ్బెకిస్తాన్ మీద గోల్ కొట్టి సర్దార్ దేశాన్ని ప్రపంచకప్‌కు చేర్చిన రోజు స్టాండ్స్‌లో వేలమంది మగవాళ్లు అతని పేరు పిలుస్తూ ఎగిరారు. ఒక ఇరానీ తల్లి టికెట్ కొనుక్కుని వెళ్లి కొడుకు ఆట చూసే వీలు అక్కడ లేదు. జేజేలు వినిపించే చోటికి ఆమెను రానివ్వలేదు. తిట్లు మాత్రం ఫోన్‌లో ఆమె ఇంటికే వచ్చాయి.

కొన్ని నెలలకే అజ్మౌన్ మనసు మార్చుకుని తిరిగొచ్చాడు. దాన్ని కొందరు ఎగతాళి చేశారు. అలిగిన పిల్లాడు అన్నం దగ్గరికి వచ్చినట్టు అన్నారు. ఆ మాట న్యాయం కాదు. ఇరవై మూడేళ్లవాడు అమ్మ మంచం పక్కన కూర్చుని తీసుకున్న నిర్ణయం అది. ఊపిరి కుదుటపడ్డాక మార్చుకున్నాడు. 2019 జనవరి ఆసియా కప్‌లో నాలుగు గోల్స్ కొట్టాడు, సెమీఫైనల్లో జపాన్ చేతిలో 3-0తో జట్టు ఓడింది. మళ్లీ 1976 అన్న అంకె పైకి వచ్చింది. ఆ తరవాత జెనిత్ సెయింట్ పీటర్స్‌బర్గ్‌కు వెళ్లి వరసగా లీగ్ టైటిళ్లు గెలిచాడు. 2019-20లో 17 గోల్స్‌తో జ్యూబాతో కలిసి రష్యన్ లీగ్ టాప్ స్కోరర్. తరవాత జర్మనీలో లెవర్‌కూసెన్, ఇటలీలో రోమా, అక్కడి నుంచి దుబాయ్. దేశం తరఫున గోల్స్ యాభై దాటాయి. చాలా దేశాలకు ఇలాంటి స్ట్రైకర్ దొరికితే విగ్రహం పెడతారు. ఇరాన్‌లో దాయీ పక్కన పెట్టి చూస్తే ఇంకా సగమే అంటారు.

2022లో బరువు రూపం మారింది. సెప్టెంబర్ 16న మహ్సా అమీనీ అనే యువతి, ఆడవాళ్ల వేషధారణ మీద నిఘా పెట్టే నైతిక పోలీసుల అదుపులో ఉండగా మరణించింది. వీధులు రగిలాయి. జట్టు అప్పుడు ఆస్ట్రియాలో శిబిరంలో ఉంది. ఆటగాళ్లు మాట్లాడకూడదని ఆంక్ష. అజ్మౌన్ ఇన్‌స్టాగ్రామ్‌లో మాట్లాడాడు. మహా అయితే జట్టులోంచి తీసేస్తారు, ఇరాన్ ఆడవాళ్ల తల మీది ఒక్క వెంట్రుకకు కూడా అది సరితూగదు అన్న అర్థం వచ్చేలా రాశాడు. తరవాత ఆ పోస్టు కనిపించకుండా పోయింది, జట్టు సభ్యులకు క్షమాపణ చెబుతూ ఇంకోటి వచ్చింది. సెప్టెంబర్ 27న సెనెగల్‌తో మ్యాచ్‌లో జాతీయ గీతం సమయంలో ఆటగాళ్లు దేశపు బ్యాడ్జి కనబడకుండా నల్ల జాకెట్లు వేసుకుని నిలబడ్డారు. సబ్‌స్టిట్యూట్‌గా దిగిన అజ్మౌన్ గోల్ కొట్టి 1-1 చేశాడు. తల దించుకుని వెనక్కి నడిచాడు. సంబరం చేసుకోలేదు.

నాలుగేళ్ల క్రితం అతన్ని అడిగింది గోల్. ఇప్పుడు అడిగింది అంతకంటే చాలా పెద్దది. ఒక వైపువాళ్లు నోరు మూసుకో అన్నారు. ఇంకో వైపువాళ్లు ఇంకా గట్టిగా మాట్లాడు, అసలు ప్రపంచకప్ ఆడకు అన్నారు. పిక్క కండరం గాయంతో ఖతార్ వెళ్లాడు. ఇంగ్లండ్ మీద చివర్లో అతను కొట్టిన బంతి క్రాస్‌బార్‌కు తగిలింది. వేల్స్ మీద 52వ నిమిషంలో అతని షాట్ ఒక స్తంభానికి తగిలింది, మరుక్షణం ఘోలీజాదే కొట్టింది రెండో స్తంభానికి తగిలింది, మళ్లీ అజ్మౌన్ తలతో పెడితే గోల్‌కీపర్ ఆపేశాడు. అదనపు సమయంలో వేరేవాళ్లు రెండు గోల్స్ కొట్టి ఇరాన్ గెలిచింది. రెండు ప్రపంచకప్పుల్లో అతని గోల్స్ సున్నా. ఆ సున్నాలో క్రాస్‌బార్ ఉంది, గోల్ స్తంభం ఉంది, మునీర్ చెయ్యి ఉంది. స్కోరు పట్టికలో ఇవేవీ రాయరు.

ఇది అజ్మౌన్ ఒక్కడి కథ అయితే దురదృష్టం అనుకుని వదిలేయొచ్చు. కాదు. 2017లో మన దేశంలో అండర్-17 ప్రపంచకప్ జరిగింది. గోవాలోని మడ్‌గావ్‌లో ఇరాన్ కుర్రాళ్లు జర్మనీని 4-0తో చిత్తు చేశారు. యూనెస్ దెల్ఫీ రెండు, అల్లాహ్యార్ సయ్యద్‌మనేష్ ఒకటి కొట్టారు. కొచ్చిలో స్పెయిన్ చేతిలో ఓడేవరకు ఆ జట్టు అందరి నోళ్లలో నానింది. సయ్యద్‌మనేష్ రెండేళ్లకే, పద్దెనిమిది నిండకుండానే, సీనియర్ జట్టులో మొదటి మ్యాచ్‌లోనే సిరియా మీద గోల్ కొట్టాడు. ఇంకేం, కుర్చీ మళ్లీ వేసేశారు. తుర్కియేలో ఫెనర్‌బాచె, అక్కడి నుంచి వేరే క్లబ్బుకు అరువు మీద ఒక లోను, ఇంకో లోను, ఉక్రెయిన్, ఇంగ్లండ్‌లో హల్ సిటీ, గాయాలు, బెల్జియం. అతను చెడ్డ ఆటగాడేమీ కాదు. పద్దెనిమిదేళ్లకు మొలక అయినవాడిని చెట్టు అనుకుని నీడ అడిగితే ఎక్కడి నుంచి తెస్తాడు?

అభిమానుల ఆశను తప్పు పట్టడం నా ఉద్దేశం కాదు. ఆశ లేకపోతే ఆట లేదు. ఆ ఆశ తప్పు చిరునామాకు వెళుతోందన్నదే నా బాధ. గోల్స్ తక్కువ పడటానికి కోచ్ పద్ధతి కారణమైతే కోచ్‌ను అడగాలి. కుర్రాళ్లు పైకి రాకపోతే సమాఖ్యను అడగాలి. బతుకు ఇరుకైతే దానికి కారకులను అడగాలి. అడగడానికి వీల్లేని చోట, భయం ఉన్న చోట, అడిగినా జవాబు రాని చోట, ఆ ప్రశ్నలన్నీ దారి మళ్లి అడగడానికి వీలున్న ఒకే ఒక్క మనిషి ఫోన్‌లో పడతాయి. అతను ఏమీ చేయలేడు, ఎవరినీ జైల్లో పెట్టలేడు, తిరిగి తిట్టలేడు. అందుకే అతని దగ్గరికే వస్తాయి.

2019 సెప్టెంబర్‌లో సహర్ ఖొదాయారీ అనే యువతి మరణించింది. మగవేషంలో స్టేడియంలోకి వెళ్లబోయి అరెస్టయింది, జైలు తప్పదేమోనన్న భయంతో కోర్టు ముందే ఒంటికి నిప్పంటించుకుంది. తన ఇష్టమైన క్లబ్బు రంగును బట్టి ఆమెను లోకం ‘బ్లూ గర్ల్’ అని పిలిచింది. ఫిఫా ఒత్తిడి పెరిగింది. అక్టోబర్ 10న ఆజాదీలో కంబోడియాతో మ్యాచ్‌కు దాదాపు నలభై ఏళ్లలో మొదటిసారి ఆడవాళ్లు సొంతంగా టికెట్లు కొనుక్కుని వచ్చారు. సుమారు 3,500 మంది. స్టేడియంలో వాళ్లను ఒక మూలకు, మగవాళ్లకు దూరంగా కూర్చోబెట్టారు. ముఖాలకు జెండా రంగులు పూసుకుని, గొంతులు బొంగురుపోయేదాకా అరిచారు. ఇరాన్ 14-0తో గెలిచింది. అజ్మౌన్ మూడు గోల్స్ కొట్టాడు. మ్యాచ్ అయ్యాక ఆటగాళ్లు ఆ మూల వైపు నడిచి వెళ్లి చేతులు ఊపారు.